ఇంట్లోనే వ్యాపారం చేసుకుంటున్న భార్యకి నిజంగా పనికొచ్చే సాయం ఏది?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది. మీ ఆవిడ ఏడాదిన్నరగా ఇంట్లోనే పచ్చళ్లు, పిండివంటలు చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని అమ్ముతున్నారు. బాబు రెండో తరగతి, పాపకి నాలుగేళ్లు. మీది ప్రైవేటు ఉద్యోగం, మీ అమ్మగారు మీ దగ్గరే ఉంటారు. వచ్చే మదర్స్ డేకి ఆవిడకి మంచి బహుమతి ఇవ్వాలనుంది, వ్యాపారంలోనూ అండగా నిలబడాలనుంది. ఏం కొనమంటారు, లోన్ తీసుకుని పెద్దది చేయమంటారా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. రోజుకి రెండు మూడు గంటలు ఇంట్లో ఎవ్వరూ ఆవిడని పిలవకుండా చూడండి. వ్యాపారం తాలూకు డబ్బు, కాగితాలు ఆవిడ పేరు మీద ఉండేలా చేయండి. ధర కట్టేటప్పుడు ఆవిడ కూలి కూడా లెక్కలో వేయించండి. లోన్ సంగతి మూడు నెలల లెక్కలు చేతికొచ్చాక చూద్దాం. చీరో నగో కొనాలనిపిస్తే కొనండి, ఆవిడ సంతోషిస్తారు. కానీ వ్యాపారం నిలబడేది పై మూడిటితోనే.

నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం గోదావరి జిల్లాల్లో చిన్న ఊళ్ల బ్రాంచీల్లోనే గడిచింది. డ్వాక్రా గ్రూపుల లోన్లు, ఆ తర్వాత చిన్న వ్యాపారాలకి ఇచ్చే ముద్ర లోన్లు చూసేదాన్ని. ఇప్పుడు మా చుట్టుపక్కల ఇళ్లలో వ్యాపారం చేసుకునే ఆడవాళ్లకి లెక్కల పుస్తకాలు, రిజిస్ట్రేషన్లు చూసిపెడుతుంటాను. నేనూ ఇద్దరు పిల్లల్ని పెంచుతూ ఉద్యోగం చేసినదాన్నే. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

సమయం దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మగవాళ్లకి కంటికి కనపడనిది అదే.

మీ ఆవిడ సంక్రాంతికి అరిసెలు చేస్తున్నారనుకోండి. బియ్యం ముందురోజే నానబోసి, వడగట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించుకోవాలి. ఆ తర్వాత బెల్లం పాకం. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే అది చేతికి మెత్తటి ఉండలా రావాలి. ఆ అదను దాటితే అరిసె గట్టిపడుతుంది, దానికంటే ముందే దించేస్తే నూనెలో విచ్చిపోతుంది. ఆ అదను ఉండేది నిమిషమో రెండు నిమిషాలో. సరిగ్గా అప్పుడే పాప "అమ్మా, కడుగు" అంటుంది. గ్యాసు బండ అబ్బాయి తలుపు కొడతాడు. మీరు ఆఫీసు నుంచి ఫోన్ చేసి "నా బ్యాంకు పాస్‌బుక్కు ఎక్కడ పెట్టావ్?" అంటారు. ఐదు కిలోల బెల్లం, దానికి సరిపడా పిండి, ముందురోజు నుంచి పడ్డ శ్రమ ఆ ఒక్క పిలుపుతో పోతాయి. ఆవిడ ఎవరితోనూ చెప్పరు కూడా. గట్టిపడ్డవి ఇంట్లోవాళ్లే తినేస్తారు, ఆర్డరు కోసం రాత్రి పదకొండింటికి మళ్లీ పొయ్యి వెలిగిస్తారు.

ఆఫీసులో మీరు ఒక లెక్క చూస్తున్నప్పుడు మధ్యలో నలుగురు వచ్చి పలకరిస్తే మీకు చిరాకేస్తుంది కదా, కానీ అక్కడ తలుపుంది, కుర్చీ ఉంది, "పనిలో ఉన్నాను" అంటే నమ్మే మనుషులున్నారు. ఇంట్లో వంటగదికి ఆ మర్యాద ఉండదు. ఆవిడ ఇంట్లోనే ఉన్నారు కాబట్టి ఖాళీగానే ఉన్నారని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. కొరియర్ తీసుకోవాలన్నా, పక్కింటివాళ్ల తాళం దాచాలన్నా, బంధువులకి కాఫీ పెట్టాలన్నా ఆవిడే.

కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో ఒక లెక్క ఉంది. జీతంలేని ఇంటిపని చేసిన ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసిన మగవాళ్లు పెట్టింది 88 నిమిషాలు. పిల్లల్నీ పెద్దవాళ్లనీ చూసుకునే సమయం దీంట్లో కలపలేదు, అది వేరే. అంటే ఆవిడ వ్యాపారం మొదలుపెట్టేటప్పటికే ఐదు గంటల దాకా పని అయిపోయి ఉంటుంది. మీ ఆవిడ పచ్చళ్ల పని ఆ ఐదు గంటల తర్వాత మొదలవుతుంది. ఈ మాట ఒక్కటి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా మీకే తోస్తుంది.

మీరు ఏం చేయాలంటే, ఒకటో రెండో పనులు పూర్తిగా మీ నెత్తిన వేసుకోండి, గుర్తుపెట్టుకోవడంతో సహా. "నువ్వు చెప్పు, నేను చేస్తాను" అనే సాయంతో ఆవిడకి బరువు తగ్గదు, చెప్పే పని అలాగే మిగిలిపోతుంది. మా ఇంట్లో మా ఆయన పిల్లల పొద్దుటి పని తీసుకున్నారు. తీసుకోవడమంటే, పాలప్యాకెట్టు అయిపోతోందని తనే చూసుకునేవారు, యూనిఫాం రాత్రే ఇస్త్రీ చేసేవారు, స్కూలు డైరీలో సంతకం పెట్టేవారు, శనివారం తెల్లబూట్లని తనకే గుర్తుండేది, టీకాల కార్డు తన బీరువా అరలోనే ఉండేది. నేను ఎనిమిదింటి బస్సు ఎక్కేటప్పుడు ఇంటి గురించి ఆలోచించేదాన్ని కాదు. బ్రాంచిలో నాకు పేరు రావడానికి కారణమేంటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను.

మీకు తొమ్మిదింటికి ఆఫీసైతే పొద్దున్న ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా పిల్లలు మీ బాధ్యత అనుకోండి. పాపకి నాలుగేళ్లు కాబట్టి అంగన్‌వాడీకి గానీ దగ్గర్లో స్కూలుకి గానీ వెళ్లే వయసే. దింపడం, తీసుకురావడం ఎవరిదో ఇప్పుడే తేల్చుకోండి. సాయంత్రం మీరొచ్చాక ఒక గంట ఆవిడకి లెక్కలు రాసుకోవడానికి, ఆర్డర్లకి జవాబులివ్వడానికి వదిలేయండి. ఆ గంటలో వంటగది తలుపు వేసి ఉంటే వేసే ఉండనివ్వండి.

మదర్స్ డే సంగతి. అది మే రెండో ఆదివారం. పచ్చళ్ల వ్యాపారంలో ఏడాది మొత్తానికి ఊపిరాడని రోజులు సరిగ్గా అవే. ఆవకాయ కాయ మార్కెట్లోకి వచ్చి ఉంటుంది, వానొస్తే కాయలో పులుపు, గట్టిదనం తగ్గిపోతాయని అందరూ తొందరపడుతుంటారు. ముక్కలు కొట్టించి తేవాలి, జీడి తీసి తడిలేకుండా పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడవాలి, ఆవాలు ఎండబెట్టి పిండి పట్టించాలి, కలిపిన మూడో రోజున మళ్లీ తిరగకలపాలి. అదే నెలలో బడులకి సెలవులు, పిల్లలిద్దరూ రోజంతా ఇంట్లోనే. ఆ ఆదివారం ఆవిడని హోటలుకో సినిమాకో తీసుకెళ్తే సరదాగానే ఉంటుంది గానీ, ఆ పని సోమవారం ఆవిడ మీదే రెట్టింపై పడుతుంది. మీరు నిజంగా ఏదైనా ఇవ్వాలనుకుంటే మే నెలలో మీ సెలవులు వాడండి. దసరాకి, సంక్రాంతికి దాచుకునే సెలవుల్లో నాలుగైదు ఇక్కడ పెట్టండి. పిల్లల్ని తీసుకుని మీ అమ్మగారితో కలిసి మీ ఊరెళ్లండి, లేదా ముక్కలు తుడిచే దగ్గర కూర్చోండి. మా దగ్గరికి వచ్చే ఒకావిడ భర్త ఆర్టీసీలో కండక్టరు. ఏటా ఆవకాయ రోజులకి సెలవు పెట్టి, తెల్లవారుజామున మార్కెట్‌కెళ్లి కాయ ఎంచి, కొట్టించి తేవడం మొత్తం ఆయనదే. ఆయన వ్యాపారంలో వేలుపెట్టిన పని ఇదొక్కటే, ధరలు, కొలతలు, బేరాలు ఆవిడవి. ఆ ఇంట్లో ఆ పద్ధతి చాలా ఏళ్లుగా సాగుతోంది.

ఇక కూలి లెక్క. ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నా దగ్గరికొచ్చే పుస్తకాల్లో నూటికి తొంభై పుస్తకాల్లో లేని గడి ఇదే.

తణుకు దగ్గర ఒకావిడ ఆవకాయ కిలో 350 రూపాయలకి అమ్మేవారు. కాయ, నువ్వులనూనె, కారం, ఆవపిండి, ఉప్పు, వెల్లుల్లి, సీసా అన్నీ కలిపి కిలోకి 240 పడుతోంది. కిలోకి 110 మిగులుతోంది కాబట్టి 20 కిలోలు అమ్మితే 2,200 లాభం అని ఆవిడ లెక్క. భర్త లెక్కా అంతే. నేను ఆవిడని ఆ 20 కిలోలకి ఎన్ని గంటలు పట్టిందో గుర్తుచేసుకుని రాయమన్నాను. మార్కెట్టు, తుడవడం, జల్లించడం, కలపడం, తిరగకలపడం, సీసాలు కడిగి ఎండబెట్టడం, నింపడం, లేబులు అంటించడం, పార్శిలు కట్టడం, కొరియరు ఆఫీసులో నిలబడటం. అన్నీ కలిపితే 22 గంటలు వచ్చింది. వాళ్ల ఊళ్లో ఇంటికొచ్చి పిండివంటలు చేసిపెట్టే వంటావిడకి ఇచ్చే కూలిని గంటలకి పంచితే గంటకి 60 రూపాయలు. అంటే 1,320 ఆవిడ కూలి. మిగిలింది 880. దాంట్లోంచి ప్యాకింగు అట్టపెట్టెలు, దారిలో నూనె కారిపోయి మళ్లీ పంపిన రెండు సీసాలు, గ్యాసు, ఆటో తీసేస్తే అసలు లాభం 500 కూడా తేలలేదు.

లెక్క అలా వేయగానే ఆవిడ మొహం చిన్నబోయింది. నేను చెప్పాను, అమ్మా, మీరు సంపాదించలేదని కాదు, మీ కూలి 1,320 కూడా సంపాదనే, కానీ ఇన్నాళ్లూ దాన్ని కొనేవాళ్లకి ఉచితంగా ఇచ్చేస్తూ వచ్చారు అని. తర్వాతి సీజనుకి ధర 420 చేశారు. కొంతమంది కొనడం మానేశారు, మిగతావాళ్లు మానలేదు. తక్కువ కిలోలు చేసి అంతకుముందుకంటే ఎక్కువ మిగుల్చుకున్నారు. ముఖ్యంగా, తుడవడానికి, సీసాలు నింపడానికి సీజన్లో ఒక మనిషిని పెట్టుకోగలిగారు, ఎందుకంటే ఆ కూలి అప్పటికే ధరలో ఉంది. మీ ఊళ్లో ధరలు వేరుగా ఉంటాయి, అంకెలు మీవి వేసుకోండి. గంటలు రాయడం మాత్రం మానొద్దు.

లిజ్జత్ పాపడ్ పేరు వినని ఇల్లుండదు. 1959లో ముంబైలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చుకుని మొదలుపెట్టిన పని అది. ఆ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. పొద్దున్న కలిపిన పిండి కేంద్రంలో తీసుకుని, ఇంటికెళ్లి ఒత్తి, ఆరబెట్టి, మర్నాడు అప్పడాలు ఇచ్చేసి, ఒత్తిన కూలి తీసుకుంటారు. లాభం పంచుకోవడం తర్వాతి మాట, ముందు కూలి. పిల్లలున్న తల్లులు ఇల్లు వదలకుండా తమకి వీలైన వేళల్లో ఒత్తుకోవచ్చు. అరవై ఏళ్లు దాటినా ఆ సంస్థ నిలబడి ఉండటానికి అది పెద్ద కారణమని నా నమ్మకం.

కూలి అన్నాను కాబట్టి మీ అమ్మగారి మాట కూడా చెప్పాలి. మీరు ప్రశ్నలో "అమ్మ ఉంది కాబట్టి పిల్లలకి ఇబ్బంది లేదు" అని రాశారు. ఆవిడని ఒకసారి అడిగారా? మోకాళ్ల నొప్పులతో నాలుగేళ్ల పిల్ల వెనక తిరగడం తేలిక కాదు. ఇంకో సంగతేంటంటే, చాలా ఇళ్లలో పచ్చళ్ల రుచి అత్తగారి చేతి కొలతే. కోడలు అమ్ముతుంది, పేరు కోడలికి వస్తుంది, అత్తగారికి మనసులో ఏదో వెలితి ఉంటుంది, అది "పిల్లల్ని పట్టించుకోవట్లేదు" అనే మాటగా బయటికొస్తుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో కోడలు నెలనెలా అత్తగారి ఖాతాలో కొంత డబ్బు వేయడం మొదలుపెట్టింది, కొలతలు చూసినందుకని చెప్పి. పెద్ద మొత్తమేమీ కాదు. ఆ పెద్దావిడ ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ "మా వ్యాపారం" అంటారు. మీ ఇంట్లో పరిస్థితి నాకు తెలియదు గానీ, అమ్మగారు పని చేస్తుంటే ఆవిడ గంటలు కూడా పుస్తకంలోకి ఎక్కాలి.

బంధువుల విషయం మీదే, ఆవిడది కాదు. "మన కోడలే కదా, రెండు కిలోలు పంపించమ్మా" అనే ఫోన్లు ఎక్కువగా మగపిల్లాడి వైపు నుంచే వస్తాయి. ఆవిడ డబ్బు అడగలేరు, అడిగితే మాట పడాలి. మీరే ఫోన్ తీసుకుని "అత్తయ్యా, ఇది తన వ్యాపారం, నీకు మంచి సీసా ఎంచి పంపిస్తాను, డబ్బులు తన నంబరుకే కొట్టు" అని నవ్వుతూ చెప్పండి. ఒకరిద్దరికి అలా చెబితే మిగతావాళ్లకి తెలిసిపోతుంది. పెళ్లికీ పేరంటానికీ ఇష్టంగా ఇచ్చేది ఎలాగూ ఇస్తారు, దాన్ని పుస్తకంలో బహుమతి కింద రాసుకోమనండి.

స్నేహితులు, ఆఫీసువాళ్లు ఎలా అండగా ఉండొచ్చని కూడా అడిగారు. బేరమాడకుండా చెప్పిన ధర ఇవ్వడం, సరుకు అందిన రోజే డబ్బు పంపడం, నచ్చితే రెండోసారి కొనడం. అప్పు పెట్టే కస్టమర్లు చిన్న వ్యాపారాన్ని ఎంత దెబ్బతీస్తారో లోన్ ఫైళ్లలో చూశాను. మహిళా దినోత్సవం నాడు స్టేటస్‌లో ఫొటో పెట్టినవాళ్లే మూడు నెలలు 800 రూపాయలు బాకీ ఉంచితే ఆ తల్లి పాలవాడికి ఏం చెబుతుంది?

ఇప్పుడు పేరు, కాగితాలు. మీ ఇంట్లో ఆర్డర్ల డబ్బు ఏ నంబరుకి వస్తోంది? నేను చూసిన ఇళ్లలో సగానికి సగం భర్త ఫోన్‌పేకే వస్తుంది. చెడ్డ ఉద్దేశంతో కాదు, ఖాతా ఆయనకి ముందు నుంచీ ఉంది కాబట్టి. దాంతో జరిగేదేంటంటే, ఆవిడ సంపాదన మీ జీతంలో కలిసిపోతుంది, కరెంటు బిల్లుకీ స్కూలు ఫీజుకీ పోతుంది, ఏడాది చివర ఎంతొచ్చిందో ఎవరికీ తెలియదు. రేపు ఆవిడ లోన్ అడిగితే బ్యాంకుకి చూపించడానికి ఆవిడ ఖాతాలో లావాదేవీలే ఉండవు. ఈ వారమే ఆవిడ పేరు మీద వేరే ఖాతా, దానికే స్కానర్ పెట్టించండి. ఆ ఖాతా పిన్ను మీకు తెలియాల్సిన అవసరం లేదు.

బంగారం లోన్ కూడా ఇంతే. నగలు ఆవిడవి, లోన్ భర్త పేరు మీద. కట్టేసినప్పుడల్లా మంచి పేరు భర్త సిబిల్ స్కోరుకి, అంటే అప్పులు కట్టే తీరు చూసి వేసే మార్కులకి, వస్తుంది. ఇరవై ఏళ్లు నగలు తాకట్టు పెట్టి విడిపించిన ఆడవాళ్లకి బ్యాంకు లెక్కల్లో ఒక్క రూపాయి అప్పు చరిత్ర లేకపోవడం నేను చూశాను. ఎప్పుడైనా నగల మీద తీసుకోవాల్సి వస్తే ఆవిడ పేరు మీదే తీసుకుని, ఆవిడ ఖాతా నుంచే కట్టించండి.

చిన్న వ్యాపారాల్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. 2020 జూలై నుంచి ఉంది. ఆధార్, పాన్ ఉంటే చాలు. డబ్బులడిగే ఏజెంట్లూ నకిలీ వెబ్‌సైట్లూ ఉన్నాయి, ప్రభుత్వ పోర్టల్‌లోనే చేయండి. తినే వస్తువు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఇంట్లో చేసినా సరే. చిన్న స్థాయి వ్యాపారానికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ సరిపోతుంది, ఫీజు తక్కువే. ఆ నంబరు, వేసిన పదార్థాలు, బరువు, తయారైన తేదీ లేబులు మీద ఉండాలి. రెండు రిజిస్ట్రేషన్లూ ఆవిడ పేరు మీదే. కొంతమంది "నేను ఆఫీసర్లతో మాట్లాడగలను కదా" అని తమ పేరు మీద చేయిస్తారు. తర్వాత మహిళలకి వచ్చే రాయితీలు అడగడానికి వెళ్తే యజమాని మగవాడని కాగితమే చెబుతుంది.

అమెరికాలో ఉన్న మీ అక్కగారు ఆర్డర్లు ఇప్పిస్తానన్నారని రాశారు. ఇప్పుడే అటు వెళ్లొద్దు. కొరియరు ఖర్చు పచ్చడి ధరని మించిపోతుంది. పైగా 800 డాలర్ల లోపు పార్శిళ్లకి అక్కడ ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు చివర్లో ఎత్తేశారు. ముందు మీ జిల్లా, హైదరాబాదు చాలు.

చివరగా లోన్. మీ ప్రశ్నలో ఐదు లక్షలు తీసుకుని యంత్రాలు కొనాలని ఉంది. దయచేసి ఆగండి. ఒక కుటుంబం నాకు గుర్తుంది. భార్య కారప్పొడులు బాగా చేసేది, గిరాకీ ఉంది. భర్త ఉత్సాహంగా పెద్ద గ్రైండరు, ప్యాకింగు మిషను తెచ్చాడు. ఇంటికి సింగిల్ ఫేజు కరెంటు, ఆ గ్రైండరుకి మూడు ఫేజులు కావాలి. కనెక్షను మార్పించడానికి ఖర్చు, దాని కోసం వేరే షెడ్డు, షెడ్డుకి అద్దె. వాయిదా మాత్రం మొదటి నెల నుంచే మొదలైంది. ఆవిడ అంతవరకు మధ్యాహ్నం పిల్లలు బడిలో ఉన్నప్పుడు చేసుకునే పని, వాయిదా కోసం రాత్రీ పగలూ చేయాల్సి వచ్చింది. ఆ యంత్రం కావాలని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. నేను ఇంటికెళ్లి మాట్లాడినప్పుడు ఆవిడ చెప్పింది, తనకి కావాల్సింది బరువు తూచే మంచి కాటా, వారానికి మూడు రోజులొచ్చే ఒక మనిషి అని.

కాబట్టి ముందు ఆవిడని అడగండి, పెద్దది చేయాలని ఉందా అని. కొందరికి ఉంటుంది, కొందరికి పాప బడికెళ్లేదాకా ఇంతే చాలని ఉంటుంది. రెండూ మంచివే. ఆఫీసు ఉద్యోగాల్లో తల్లులకి 2017 సవరణ తర్వాత 26 వారాల ప్రసూతి సెలవు, 50 మంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసేచోట పిల్లల సంరక్షణ గది అని చట్టం ఉంది. సొంత వ్యాపారం చేసుకునే తల్లికి అలాంటిదేమీ లేదు, ఒంట్లో బాగోలేకపోతే ఆ నెల ఆదాయం సున్నా. వాయిదా కట్టే బరువు ఆ నెల ఎవరు మోస్తారో మాట్లాడుకున్నాకే అప్పు.

ఆవిడకి పెద్దది చేయాలనే ఉంటే దారులున్నాయి. ముద్రలో శిశు 50,000 దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా, వీటికి తనఖా అడగకూడదు. ఆవిడ డ్వాక్రా గ్రూపులో ఉంటే గ్రూపు ద్వారా తీసుకోవడం ఇంకా తేలిక. మన దగ్గర ఈ గ్రూపులు ఊరికే రాలేదు. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం చేసిన ఆడవాళ్లు ఆ తర్వాత రోజుకో రూపాయి పొదుపు చేసి చూపించారు, ఆ క్రమశిక్షణ మీదే బ్యాంకులకి నమ్మకం కుదిరింది. పీఎంఈజీపీ అనే కేంద్ర స్వయం ఉపాధి పథకంలో మహిళలకి పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం సబ్సిడీ ఉంది, సొంత వాటా 5 శాతమే, కానీ అది కొత్తగా పెట్టే యూనిట్లకి. ఇప్పటికే నడుస్తున్న చిన్న ఆహార యూనిట్ల కోసం 2020లో పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర పథకం పెట్టారు, ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ. ఈ రెండు పథకాలకీ ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. తెలంగాణలో ఉంటే హైదరాబాదులో వీ హబ్ ఉంది, 2018లో రాష్ట్ర ప్రభుత్వం మహిళల వ్యాపారాల కోసమే పెట్టింది. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో ఇచ్చే లోన్ యాప్‌ల జోలికి, వారం వారం ఇంటికొచ్చి వసూలు చేసే ప్రైవేటు అప్పుల జోలికి వెళ్లొద్దు. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో మైక్రో ఫైనాన్సు అప్పుల మీద ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిందంటే, ఆ వసూళ్లతో ఎన్ని ఇళ్లు అల్లాడాయో ఆలోచించండి.

బ్యాంకుకి వెళ్లేటప్పుడు ఆవిడతో వెళ్లండి, కానీ ఆవిడనే మాట్లాడనివ్వండి. నా టేబులు ముందు ఇద్దరూ కూర్చునేవారు. "కిలోకి ఎంత పడుతుందమ్మా?" అని నేను ఆవిడ వైపు చూసి అడిగితే, జవాబు పక్కనుంచి ఆయన చెప్పేవారు. ఆ జవాబు చాలాసార్లు తప్పుగా ఉండేది. ఆయన్ని కాసేపు బయట కూర్చోమని చెప్పి మళ్లీ అడిగితే ఆవిడ పైసలతో సహా చెప్పేది, ఏ నెలలో నూనె ధర పెరిగిందో, ఏ కస్టమరు ఎంత బాకీయో. నేను లోన్ మంజూరు చేసింది ఆ జవాబులు చూసే. ఇప్పుడు బ్యాంకుల్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీరూ ఆవిడ వైపు తిరిగి అడగండి.

ఇప్పటికి ఒక పొడుగు పుస్తకం, ఒక కాటా కొనివ్వండి. మూడు నెలలు ఏ రోజు ఏం చేశారు, ఎన్ని గంటలు, ఎంత సరుకు, ఎంత అమ్మకం, ఎవరు బాకీ అన్నది ఆవిడే రాసుకోవాలి. ఆ తర్వాత కావాలంటే కిలో ఖర్చు, నెల అమ్మకాల అంకెలు ఇదే ప్రశ్న కింద పెట్టండి, పేర్లు అక్కర్లేదు. ఎంత లోన్ తట్టుకోగలరో, అసలు అవసరమో కాదో లెక్కవేసి చెబుతాను. ఆవిడే నేరుగా అడిగితే ఇంకా వివరంగా రాస్తాను.